చిట్టాలోని పేరు – చట్టములోని మనిషి

చెఱకు పండు నేలలో పుస్తకమున పేరు వ్రాయించుకొనుట యెంత పనియో బోధను ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱ లేదు. శక్కర్‌నగరున 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసిన నాటినుండి, నిజాంసాగరు కాలువ క్రింద చెఱకు వేసిన రైతు తన మడి ఫ్యాక్టరీ పుస్తకములో ఎక్కినదో లేదో చూచుకొనెడివాడు. కార్మికుడు మస్టరులో తన పేరున్నదో లేదో చూచుకొనెడివాడు. పేరున్నచో బండి గేటు దాటును, చేతికి కూలి వచ్చును. పేరు లేనివాని చెమటకు లెక్క లేదు. 2015 చివర ఆ ఫ్యాక్టరీ మూతపడినపుడు కార్మికులు పోగొట్టుకొన్నది జీతము మాత్రమే కాదు. తామెవరో చెప్పు పుస్తకమును గూడ పోగొట్టుకొనిరి.

అయితే సర్కారు పుస్తకములో పేరెక్కిన ప్రతివానికిని మేలే జరుగునని తలపరాదు. మస్టరులోను పేరుండును, పోలీసు ఠాణా చిట్టాలోను పేరుండును. మొదటిది మనిషిని గుర్తించును, రెండవది మనిషిని కనిపెట్టియుండును. కాగితమును సిరాయును ఒకటే. తేడా యంతయు కలము పట్టినవాని ఉద్దేశములో నున్నది. మన తెలంగాణములో ఈ రెండవరకపు చిట్టాకు గుఱియైన ఒక సమాజము కలదు. వారే హిజ్రాలు. పుట్టినపుడు ఇతరులు వ్రాసిన లింగమునకును, తాము తమలో ఎఱిగిన లింగమునకును పొత్తు కుదరని వారందఱిని నేడు ట్రాన్స్‌జెండరు వ్యక్తులని పిలుచుచున్నాము. వారిని గూర్చిన చట్టము ఎట్లు పుట్టినది, ఎట్లు నిలిచినది, ఎట్లు పోయినది, ఆ కాలమంతయు మన రాజకీయ పక్షములును వాని నాయకత్వపు పోటీలును ఏమి చేయుచుండెను అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచినాము.

కథ మన సంస్థానము వెలుపల మొదలగును. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరజాతుల చట్టమును చేసెను. అందు మొదటి భాగము కొన్ని సంచారజాతులను పుట్టుకతోనే నేరస్థులుగ ముద్ర వేసినది. రెండవ భాగము నపుంసకులను గూర్చినది. ఎవరెవరు ఎచ్చట నివసించుచున్నారో, వారి ఆస్తి యేమో వ్రాయించి, ఆడు వేషముతో వీథిలో కనబడినచో శిక్షింపుమని అది ఆదేశించినది. మగవారా, ఆడువారా యని తేల్చి వ్రాయలేని మనుష్యులు, ఒకచోట స్థిరముగ నుండక ఊరూర తిరుగువారు, ఆ నాటి పాలకుల కంటికి అనుమానాస్పదులుగ తోచిరి. పన్నులకు, జనాభా లెక్కలకు, పోలీసు కాపలాకు లొంగని బ్రతుకును చట్టముతో లొంగదీయుటయే ఆ ప్రయత్నము.

ఆ చట్టపు పోలికతోనే హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, నపుంసకుల చట్టము వెలువడినది. అప్పుడు పాలకుడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. హైదరాబాదు నగరమున నివసించు నపుంసకులలో బాలురను ఎత్తుకొనిపోవుదురనియో, వారిని నపుంసకులుగ చేయుదురనియో, అస్వాభావిక నేరములు చేయుదురనియో అనుమానము కలిగినవారి పేర్లను, నివాసములను ఒక రిజిస్టరులో ఎక్కింపవలెనని అది నిర్దేశించినది. నగరమునకే పరిమితము గాక, జరీదాలో ప్రకటించి సంస్థానమున ఏ యితర స్థలమునకైన దానిని విస్తరించు అధికారమును సర్కారు తనకు ఉంచుకొనెను. అందుచేత నిజామాబాదైనను, బోధనైనను ఆ చట్టపు చేతికి అందని ఊరు కాదు.

రిజిస్టరులో పేరెక్కినవాడు చీర కట్టుకొని, నగలు పెట్టుకొని వీథిలో కనబడినను, వీథినుండి చూచువారికి కనబడునట్లు ఇంట నిలిచినను, ఆడినను, పాడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును. శిక్ష రెండు సంవత్సరముల వఱకు ఖైదు, లేదా జుల్మానా, లేదా రెండును. పదునాఱేండ్లు నిండని బాలుని తనవద్ద ఉంచుకొన్నను శిక్షయే. ఎవరు నపుంసకుడు? తానే ఒప్పుకొన్నవాడు, లేదా వైద్యపరీక్షలో అట్లు తేలినవాడు. తానెవరో తాను చెప్పుకొను మాటకు ఆ చట్టములో ఒక్క ప్రయోజనమే కలదు – తన్ను తాను చిట్టాకు అప్పగించుకొనుట.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి. బాలుని ఎత్తుకొనిపోవుట నేరమే. దానిని శిక్షించుటకు సాధారణ శిక్షాస్మృతి చాలును. ఈ చట్టము శిక్షించినది ఆ నేరమును కాదు. ఆ నేరము చేయునేమో యన్న అనుమానమును, కట్టిన చీరను, ఆడిన ఆటను. శుభకార్యమునకు వచ్చి దీవించి, ఆడి పాడి, ఇచ్చినది పుచ్చుకొని పోవుట హిజ్రాలకు తరతరాల వృత్తి. పెండ్లి జరిగిన యింటను, బిడ్డ పుట్టిన యింటను వారి రాకను శుభముగ తలచినవారు మన పట్టణములలో ఎందఱో కలరు. ఇంటిలోపల దీవెన పుచ్చుకొను సంఘము వీథిలో అదే మనిషిని నేరస్థునిగ చూచినది. సంఘమున ఉన్న ఈ రెండు నాలుకల తీరునే చట్టము సిరాతో వ్రాసిపెట్టినది.

సంస్థానమున ప్రజలచే ఎన్నుకొనబడిన శాసనసభ లేని కాలమది. కావున ఆ చట్టముపై బహిరంగ వాదవివాదములకు తావు లేదు. రాజకీయ చైతన్యము తరువాతి దశాబ్దములలో వచ్చినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. ఆఱవ మహాసభ 1937లో మన నిజామాబాదులోనే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగినది. దానికి తోడుగ నందగిరి ఇందిరాదేవిగారి అధ్యక్షతన మహిళా సభయును జరిగినది. శక్కర్‌నగరున ఫ్యాక్టరీ వెలసిన సంవత్సరమే ఇందూరులో స్త్రీలు తమ సభకు తామే అధ్యక్షత వహించి మాటాడిరనుట ఈ జిల్లా చరిత్రలో చిన్న విషయము కాదు.

ఆ మహాసభలోనే తెలంగాణము తన మొదటి పెద్ద నాయకత్వపు పోటీని చూచినది. 1943లో హైదరాబాదు సభకు అధ్యక్ష పదవికై కొండా వెంకటరంగారెడ్డిగారును బద్దం ఎల్లారెడ్డిగారును పోటీపడిరి, రంగారెడ్డిగారు గెలిచిరి. మఱుసటి సంవత్సరము భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. మహాసభ రెండుగ చీలిపోయినది. వెట్టిచాకిరి, భూమి, బాధ్యతాయుత ప్రభుత్వము, యుద్ధకాలపు విధానము – ఇవి ఆ పోటీలోని ప్రశ్నలు. పోటీ వలన పక్షము చీలినను, వెట్టి విషయమున ఎవరెచ్చట నిలిచిరో ప్రజలకు తెలిసినది. నాయకత్వపు పోటీకి గల ప్రయోజనమిదియే: మాటాడక తప్పించుకొనుటకు వీలులేని స్థితిని అది కల్పించును.

1948లో సంస్థానము భారతదేశమున విలీనమైనది. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. 1952 ఆగస్టు 31న నేరజాతుల చట్టము దేశమంతట రద్దైనది. ఆనాడే మన చట్టమును గూడ చెఱిపివేసియుండిన సబబుగ నుండెడిది. కాని అది నిజాము ప్రభుత్వపు ప్రత్యేక శాసనము గనుక మిగిలిపోయినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు తెలంగాణ ప్రాంతమునకు మాత్రమే వర్తించు శాసనముగ కొత్త రాష్ట్రములో ప్రవేశించినది. కృష్ణా, గుంటూరు, కర్నూలు జిల్లాలకు లేని శాసనము హైదరాబాదుకు, నిజామాబాదుకు ఉండెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా, పాత సామానుతో పాటు అదియును కొత్త యింటికి వచ్చి చేరినది.

ఈ నడుమ మన రాష్ట్రమున నాయకత్వపు పోటీలకు కొదువ లేదు. 1956లో కాంగ్రెసు శాసనసభాపక్ష నాయకత్వమునకు నీలం సంజీవరెడ్డిగారును బెజవాడ గోపాలరెడ్డిగారును పోటీపడిరి. 1978 మొదలు 1983 వఱకు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డిగార్లు ఒకరి వెనుక ఒకరు ముఖ్యమంత్రులైరి. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావుగారు ఒక నెలపాటు పదవిలో నుండిరి. 1995లో తెలుగుదేశము నాయకత్వము రామారావుగారినుండి చంద్రబాబునాయుడుగారికి మాఱినది. ఈ పోటీలలో తీర్పరులు శాసనసభ్యులో, ఢిల్లీలోని అధిష్ఠానమో. ఎవరివెంట ఎందఱున్నారన్న లెక్కయే అందు ప్రధానము. ఒక చిన్న సమాజపు గుర్తింపును గూర్చి అభ్యర్థిని నిలదీసి యడుగు సాధారణ సభ్యునికి అందు పాత్ర లేదు.

రాజకీయ పక్షములు పలుకని చోట న్యాయస్థానము పలికినది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీగార్లు జాతీయ న్యాయసేవల సంస్థ వేసిన వ్యాజ్యములో తీర్పు చెప్పిరి. పురుషుడు, స్త్రీ గాక మూడవ లింగమును గుర్తింపవలెననియు, తన లింగమేదో నిర్ణయించుకొను హక్కు మనిషిదేననియు, ఆ సమాజమును సాంఘికముగ, విద్యావిషయకముగ వెనుకబడిన వర్గముగ పరిగణింపవలెననియు ఆ తీర్పు సారాంశము. చిట్టాలో ఇతరులు వ్రాసిన మాటకు బదులు, మనిషి స్వయముగ చెప్పిన మాటకు మొదటిసారి చట్టపు విలువ వచ్చినది.

అప్పుడు గాని పార్లమెంటులో అభిప్రాయభేదములు బయటపడలేదు. తమిళనాడుకు చెందిన ద్రావిడ మున్నేట్ర కళగం సభ్యుడు తిరుచ్చి శివగారు అనధికార బిల్లు ప్రవేశపెట్టగా, 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ దానిని ఆమోదించినది. అనధికార బిల్లు ఒక సభ దాటుటయే మిక్కిలి అరుదు. కాని అది లోకసభలో ముందుకు సాగలేదు. 2016లో ప్రభుత్వము తన సొంత బిల్లు తెచ్చినది. పూర్తిగ స్త్రీయు గాక, పూర్తిగ పురుషుడును గాక యన్నట్లున్న అందలి నిర్వచనము ఆ సమాజమువారినే నొప్పించినది. 2018 డిసెంబరులో అనేక సవరణలతో లోకసభ ఆమోదించినది. సభ ముగియుటతో అది మురిగిపోయినది. మరల 2019 ఆగస్టులో లోకసభ, నవంబరు 26న రాజ్యసభ ఆమోదింపగా 2019 నాటి చట్టమైనది. సెలెక్టు కమిటీకి పంపవలెనన్న ప్రతిపాదన రాజ్యసభలో ఓడిపోయినది.

ఈ వాదములలోని ముఖ్యాంశ మొకటే: కలము ఎవరి చేతిలో నుండవలెను? 2018 బిల్లు జిల్లాకొక పరిశీలక సంఘమును ఉంచదలచినది. 2019 చట్టము ఆ సంఘమును తీసివేసి, జిల్లా మేజిస్ట్రేటు గుర్తింపు పత్రము ఇయ్యవలెననినది. స్త్రీయనియో పురుషుడనియో మార్చి వ్రాయించుకొనుటకు శస్త్రచికిత్స జరిగినట్లు వైద్యాధికారి పత్రము కోరినది. ప్రభుత్వ ప్రయోజనములు దుర్వినియోగము గాకుండ అధికారి తనిఖీ అవసరమని ఒక పక్షము, సుప్రీంకోర్టు మనిషికిచ్చిన హక్కును మరల అధికారికి అప్పగించితిరని రెండవ పక్షము వాదించెను. రెండు వాదములును తేలికగ త్రోసివేయదగినవి కావు. కాని దేశమున ఏ పెద్ద పక్షపు నాయకత్వపు పోటీయు ఈ ప్రశ్నమీద జరుగలేదు.

జరిగినచో ఎట్లుండునో తెలియుటకు కొంతదూరము పోవలెను. స్కాట్లండు శాసనసభ 2022 డిసెంబరు 22న లింగ గుర్తింపు సంస్కరణ బిల్లును 86 ఓట్లతో ఆమోదించినది. 39 మంది వ్యతిరేకించిరి. బ్రిటనులో 2004 చట్టము ప్రకారము గుర్తింపు పత్రమునకు వైద్య నిర్ధారణ కావలెను, రెండేండ్లు ఆ లింగముతో జీవించినట్లు రుజువు కావలెను. స్కాట్లండు బిల్లు వైద్య నిర్ధారణను తొలగించి, పెద్దవారికి గడువును మూడు నెలలకు తగ్గించి, కనీస వయస్సును 18నుండి 16కు దించినది. 2023 జనవరిలో లండను ప్రభుత్వము తన అధికారముతో దానిని అడ్డగించినది. ఫిబ్రవరి 15న స్కాట్లండు ప్రథమ మంత్రి నికొలా స్టర్జన్ తాను తప్పుకొనుచున్నట్లు ప్రకటించెను.

ఆమె వారసత్వమునకు ముగ్గురు పోటీపడిరి. హంజా యూసఫ్ లండను అడ్డును న్యాయస్థానమున ఎదిరింతుననెను. కేట్ ఫోర్బ్స్ తానైనచో ఆ బిల్లుకు ఓటు వేసియుండననెను. ఆష్ రీగన్ ఆ బిల్లును వ్యతిరేకించియే అంతకుముందు మంత్రిపదవిని వదలుకొన్నది. పార్టీ సభ్యులు సుమారు 50,000 మంది ఓటు చేసిరి. మార్చి 27న యూసఫ్ 52 శాతముతో గెలిచెను. ఫోర్బ్స్‌కు 48 శాతము వచ్చెను. ఇంత చేసినను బిల్లు చట్టము గాలేదు. అదే సంవత్సరము డిసెంబరులో అచ్చటి న్యాయస్థానము లండను ప్రభుత్వపు నిర్ణయమును సమర్థించినది. 2025 ఏప్రిల్ 16న బ్రిటను సుప్రీంకోర్టు సమానత్వ చట్టములోని స్త్రీ యను మాటకు జన్మతః వచ్చిన లింగమే అర్థమని తీర్పు చెప్పినది.

ఆ పోటీవలన మేలే జరిగినదని గాని, కీడే జరిగినదని గాని మేము చెప్పజాలము. స్త్రీలకై ప్రత్యేకించిన చోట్లను గూర్చి భయము కలవారు తమ భయమును వెల్లడించిరి. గౌరవము కోరువారు తమ కోరికను వెల్లడించిరి. వాదము ముదిరిన కొలది ఎవరిని గూర్చి వాదించుచున్నారో ఆ మనుష్యులు వాదవస్తువులుగ మాఱిరనుటయు నిజమే. అయినను ఏ అభ్యర్థి ఏమి తలచునో ప్రతి ఓటరుకు తెలిసినది. మన భువనగిరి సభవలె అచ్చటను పోటీ మౌనమును చెల్లనీయలేదు.

మన తెలంగాణమునకు తిరిగి వత్తము. నిజాము నాటి చట్టము చెల్లదని వైజయంతి వసంత మొగిలి మొదలగువారు 2018లో హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము వేసిరి. కోర్టు ఆ యేడే చట్టపు అమలును నిలిపివేసినది. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డిగార్ల ధర్మాసనము, అది ఒక సమాజము నంతటిని నేరస్థులుగ చూచుచున్నదనియు, రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమనియు కొట్టివేసినది. విద్యలో, ఉద్యోగములలో రిజర్వేషను, ఆసరా పింఛను, సంక్షేమ బోర్డు మొదలగు విషయములపై ప్రభుత్వమునకు ఆదేశములిచ్చినది. నూఱేండ్లు దాటిన చట్టము శాసనసభలో ఒక్క రద్దు బిల్లు లేకయే కోర్టు చేతిలో పోయినది. 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసు శాఖ 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగ తీసికొన్నది. ఒకప్పుడు వారి చిట్టాను ఉంచిన శాఖయే వారి పేర్లను తన మస్టరులో వ్రాసికొన్నది.

కాని ఎన్నికల విషయమున ఒక చిక్కు మిగిలియున్నది. మధ్యప్రదేశ్‌లోని కట్నీ నగర మేయరు పదవి స్త్రీలకు కేటాయింపగా హిజ్రాయైన కమలా జాన్ ఎన్నికైరి. ఆమె స్త్రీ కాదని ఆ ఎన్నికను రద్దు చేసిరి, 2003లో హైకోర్టు దానినే ఖాయపఱచినది. 2014 తీర్పు తరువాత మాట మాఱినది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు, జలగాం జిల్లాలో ఒక గ్రామ పంచాయతీకి స్త్రీల స్థానమున పోటీచేయుటకు అంజలి అను ట్రాన్స్‌జెండరు స్త్రీకి అనుమతి నిచ్చినది, ఆమె గెలిచెను. కట్నీలో ప్రజల ఓటు చెల్లలేదు, జలగాంలో చెల్లినది. నడుమ మాఱినది ఓటరు మనస్సు కాదు, చట్టము మనిషిని చదివిన తీరు.

ఈ చిక్కు మన జిల్లాకు దూరపుది కాదు. తెలంగాణ స్థానికసంస్థలలో స్త్రీలకు సగము స్థానములు నిర్ణయింపబడినవి. చట్టసభలలో మూడవవంతు స్థానములు కోరుచు, నిజామాబాదునుండి 2014లో లోకసభకు ఎన్నికైన కల్వకుంట్ల కవితగారు 2023 మార్చి 10న ఢిల్లీలో దీక్ష చేసిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే 106వ రాజ్యాంగ సవరణ పార్లమెంటులో నెగ్గినది. 2025 సెప్టెంబరులో అంతఃకలహముల నడుమ పార్టీ ఆమెను సస్పెండు చేయగా, ఆమె పార్టీని వీడిరి. నాయకత్వపు కలహము, స్త్రీల ప్రాతినిధ్యము – రెండును ఈ జిల్లాకు పరిచితమైన విషయములే. స్త్రీల స్థానమున ఎవరిని స్త్రీగ లెక్కింపవలెనను ప్రశ్న మాత్రము పక్షముల వేదికలపై ఇంకను తెల్లమొగము వేసికొని నిలిచియున్నది.

ఎందుచేత? దీనికి నిజామాబాదు చరిత్రయే సమాధానము చెప్పగలదు. 2019 లోకసభ ఎన్నికలో ఈ నియోజకవర్గమునుండి 185 మంది పోటీ చేసిరి. వారిలో 178 మంది రైతులు. పసుపునకును, ఎఱ్ఱజొన్నకును గిట్టుబాటు ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని, పక్షములు వినకపోవుటచే వారు తమ పేర్లనే ఓటు యంత్రములపై ఎక్కించిరి. అంత పొడవు జాబితా దేశమంతటను చర్చనీయమైనది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ఏర్పడినది. ఒకేచోట, ఒకే పంటపై ఆధారపడి, వేలకొలది ఓట్లుగల వారికి ఆ బలము కలదు.

హిజ్రాలకు ఆ బలము లేదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీపురుషేతరులుగ నమోదైనవారు 43,769 మంది. నాటి 23 జిల్లాలకు పంచి చూచినచో జిల్లాకు రెండు వేలమందియైనను తేలరు. ఏ ఊరిలోను వారి ఓట్లు ఒకని గెలుపును తారుమారు చేయజాలవు. 2018లో చంద్రముఖి మువ్వలగారు బహుజన వామపక్ష కూటమి తరఫున హైదరాబాదు గోషామహలునుండి పోటీచేయుటయు, 2023లో పుష్పిత లయగారు బహుజన సమాజ్ పార్టీ తరఫున వరంగల్లు తూర్పునుండి పోటీచేయుటయు ధైర్యకార్యములే. కాని పెద్ద పక్షములు లెక్కించునది ధైర్యమును కాదు, ఓట్లను. చెదరియున్న చిన్న సమాజమునకు న్యాయస్థానము తప్ప వేఱు ద్వారము లేకపోయినది అందుచేతనే.

న్యాయస్థానపు ద్వారము మంచిదే. కాని తీర్పు హక్కును ప్రకటింపగలదు. పింఛను బడ్జెటును వ్రాయలేదు, బడిలో పిల్లవానిని తోటిపిల్లలు ఎగతాళి చేయకుండ చూడలేదు, కలెక్టరు కచేరిలో గుమాస్తా దరఖాస్తును ప్రక్కన పెట్టకుండ కాచియుండలేదు. అవి పాలించువారి పనులు. పాలించువారు తమ పక్షములోపల ఈ విషయమున ఎన్నడు వాదింపనిచో, ఏ మాటకును కట్టుబడియుండరు. కట్టుబడని మాటను రేపు మార్చుట మిక్కిలి సులువు. వాదించి ఓడిన పక్షమునైన నిలదీయవచ్చును. నోరు మెదపని పక్షమును ఏమని నిలదీయగలము?

కావున ఈ విషయమున మేము కోరునది ఒకటే. ఓట్ల కొఱకు మన గడపకు వచ్చు నాయకులను, చెఱకు ధరను గూర్చి, పసుపు బోర్డును గూర్చి, మూతపడిన ఫ్యాక్టరీని గూర్చి యడిగినట్లే, ఈ చిన్న సమాజమును గూర్చియు అడుగుదము. గుర్తింపు పత్రము ఎవరు ఇయ్యవలెను, ఏ రుజువుపై ఇయ్యవలెను, స్త్రీల స్థానములలో వారి చోటెచ్చట? ఔననియో, కాదనియో వారిని చెప్పనిత్తము. వారు చెప్పిన మాట మన యభిప్రాయమునకు భిన్నమైనను, అడిగిన మేలు మిగులును. వీరు ఎన్నికలలో ఎవరిని గెలిపింపలేరు, ఎవరిని ఓడింపలేరు. వీరి తరఫున అడుగవలసిన వారు ఇతరులే.